తిరిగి వచ్చువానికి ముందు దూత

శ్రీమద్రామాయణమును పారాయణ చేయువారు పట్టాభిషేక ఘట్టమును చేరవలెనను ఉత్సాహములో దానికి ముందున్న ఒక చిన్న సన్నివేశమును త్వరగా దాటిపోవుట కద్దు. రావణవధ జరిగినది. పదునాలుగేండ్ల గడువు నిండినది. పుష్పకము భరద్వాజాశ్రమము చెంత దిగినది. అయోధ్య ఇక ఎంతో దూరము లేదు. అయినను శ్రీరామచంద్రుడు నేరుగా పురప్రవేశము చేయలేదు. హనుమంతుని పిలిచి, దారిలో గుహునికి కుశలము తెలిపి, పిమ్మట నందిగ్రామమునకు పోయి భరతునికి తన రాకను ఎరిగింపుమనెను. అంతేకాదు, ఆ వార్త చెవిని పడినప్పుడు భరతుని ముఖవర్ణమును, చూపును, మాటతీరును గమనింపుమని కూడ చెప్పెను.

భరతుని హృదయము స్వామికి తెలియనిదా? పాదుకలను శిరస్సున ధరించి వెనుదిరిగిన తమ్ముని శంకింపవలసిన పని యేమి? ఈ సన్నివేశమునకు పెద్దలు అనేక విధముల సమాధానములు చెప్పుదురు. నా అల్పబుద్ధికి తోచినది ఒకటి కలదు. ఇల్లు విడిచి పోవుటకంటె తిరిగి వచ్చుట కష్టతరమైన కార్యము. పోయినవాడు ఆ కాలములో మారును. ఇల్లును మారును. అతడు మనస్సులో మోయుచున్నది పాత ఇంటిని. ఇంటివారు తలచుచున్నది పాత మనిషిని. ఈ రెంటి నడుమ ముందుగా నడచి, అటు మాట ఇటు, ఇటు మాట అటు చేర్చునట్టి దూత ఒకడు కావలెను. సాక్షాత్తు ధర్మమూర్తికే తన ఇంటికి తాను వచ్చుటలో దూత అవసరమయ్యెనని వాల్మీకి మహర్షి మనకు చూపినాడు.

రాముడు నిర్దోషి. ఆయన రాకకు నగరమంతయు అలంకరింపబడినది. కాని తప్పు చేసి, చట్టము చేత పట్టుబడి, కొంతకాలము ప్రభుత్వపు నిర్బంధములో నుండి, ఇంటికి రాబోవు పదహారు పదునేడేండ్ల పిల్లవాని మాట యేమి? వాని రాకకు తోరణములుండవు. చాల తావుల ముందుగా వెళ్ళు దూతయు ఉండడు. వానిని ఎట్లు చేర్చుకొనవలెను, ఎవరు చేర్చుకొనవలెను, అసలు చేర్చుకొనుట ధర్మమేనా అను ప్రశ్నలను ఆస్తికులమైన మనము ఒకసారి నెమ్మదిగా విచారింపవలసి యున్నది.

బాల్యపు తప్పునకు కొలత

మహాభారతము ఆదిపర్వమున మాండవ్య మహర్షి కథ కలదు. మౌనవ్రతములో నున్న ఆ మునియొక్క ఆశ్రమమున దొంగలు తాము దోచిన ధనమును దాచిరి. వెంటాడివచ్చిన రాజభటులు మునిని ప్రశ్నించిరి. ఆయన మౌనము వీడలేదు. దొంగలతో బాటు ఆయనను కూడ కొనిపోగా, రాజశాసనమున శూలమునకు ఎక్కించిరి. తపోబలమున ఆయన ప్రాణములు నిలిచినవి. ఆ శూలపు మొన దేహముననే మిగిలిపోవుటచేత ఆయనకు ఆణిమాండవ్యుడను పేరు వచ్చినది.

పిమ్మట ఆ ముని ధర్మదేవత సన్నిధికి పోయి, ఏ పాపమునకు ఈ ఫలమని అడిగెను. చిన్ననాడు పురుగులను గడ్డిపోచతో గ్రుచ్చి ఆడుకొన్న దానికని యముడు బదులు చెప్పెను. అప్పుడు మహర్షికి కలిగిన కోపము సామాన్యమైనది కాదు. తెలియని వయస్సున చేసిన స్వల్పమైన పనికి ఇంత దండనయా అని ధర్మునే శపించెను. పదునాలుగేండ్ల లోపు చేసిన పని పాపముగా లెక్కకు రాదని ఒక మర్యాదను కూడ ఆనాడే నెలకొల్పెను. ఆ శాపఫలముగనే ధర్ముడు విదురుడై పుట్టెను. శ్రీకృష్ణభగవానుడు హస్తిన కేగినప్పుడు దుర్యోధనుని విందు కాదని ఆతిథ్యము స్వీకరించినది ఆ విదురుని ఇంటనే గదా!

ఈ కథలో గమనింపవలసినది ఒకటి కలదు. పిల్లవాడు చేసినది తప్పు కాదని మహర్షి అనలేదు. పురుగునకు నొప్పి కలుగలేదని అనలేదు. తప్పునకును దండనకును నడుమ కొలత తప్పినదని మాత్రమే అనెను. ఆ కొలత తప్పినప్పుడు ధర్మదేవత యంతటివాడును అపరాధి యగునని మన ఇతిహాసము చెప్పుచున్నది. దండించు అధికారము కలవానికే ఇంత హద్దున్నప్పుడు, ఏ అధికారమును లేని ఇరుగుపొరుగు వారికి ఎంత హద్దుండవలెను!

నేటి చట్టము చెప్పునది

మన దేశపు చట్టములును ఈ కొలతను క్రమక్రమముగా గుర్తించినవి. ఆంధ్రప్రాంతము మద్రాసు రాజధానిలో నుండిన కాలముననే, 1920 లో, మద్రాసు బాలల చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1986 లోను, మరల 2000 లోను జువెనైల్ జస్టిస్ చట్టములు వెలువడినవి. ఇప్పుడు అమలులోనున్నది 2015 నాటి చట్టము. అది 2016 జనవరి 15 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము 18 ఏండ్లు నిండనివారు బాలలు. వారి విషయమును జువెనైల్ జస్టిస్ బోర్డు విచారించును. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలుందురు. ఆ ఇద్దరిలో ఒకరైనను స్త్రీ కావలెను. విచారణ జరుగునంతకాలము పిల్లవానిని ఇంటికి పంపకున్నచో పరిశీలన గృహమున ఉంచుదురు. తప్పు రుజువైనచో బోర్డు హెచ్చరించి ఇంటికి పంపవచ్చును, సమాజసేవ చేయుమనవచ్చును, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చును, లేదా మూడేండ్లకు మించకుండ ప్రత్యేక గృహమునకు పంపవచ్చును. పదహారేండ్లు నిండి అతిఘోరమైన నేరము చేసిరను ఆరోపణ యున్నవారికి మాత్రము వేరు పద్ధతి కలదు.

ఈ చట్టమును చదివినప్పుడు నన్ను ఆకర్షించిన అంశములు మూడు కలవు. మొదటిది, ప్రతి పిల్లవానికిని విడిగా ఒక సంరక్షణ ప్రణాళిక వ్రాయవలెను. వాని చదువు, ఆరోగ్యము, కుటుంబము, విడుదలయైన పిమ్మట బ్రతుకు తెరువు దానిలోనివే. అనగా తిరిగి పంపుట అనునది ఆఖరి దినమున తలుపు తీయుట కాదు. లోపలికి వచ్చిన నాడే ఆరంభింపవలసిన పని. రెండవది, వాని పేరు, ఊరు, పాఠశాల బయటపడునట్లు పత్రికలలో గాని మరే ప్రచార సాధనమున గాని వెల్లడించుట నేరము. దానికి ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. మూడవది, కొన్ని మినహాయింపులు తప్ప, బాల్యమున జరిగిన ఆ తప్పు కారణముగా వానికి మున్ముందు ఏ అనర్హతయు కలుగరాదు. కొత్తగా బ్రతుకు మొదలుపెట్టు అవకాశము ఈ చట్టమునకు మూలసూత్రములలో ఒకటి.

పద్దెనిమిదేండ్లు నిండి సంరక్షణ గృహమును విడిచిన వారికి 21 ఏండ్ల వరకు అనంతర సంరక్షణ యను పేర కొంత తోడ్పాటును కూడ చట్టము చెప్పినది. ఇదంతయు కాగితము మీద నున్నది. కాగితము పిల్లవానిని ఊరి పొలిమేర దాక తీసికొని రాగలదు. అక్కడినుండి ఇంటి గడప దాక నడిపింపవలసినది మనము.

నా అపరాధము

ఇట్లు ధర్మము చెప్పుటకు నాకు గల అర్హత ఎంతయో చెప్పకుండుట న్యాయము కాదు. కొన్నేండ్ల క్రిందట మా ఊరి కోవెలలో పుష్పకైంకర్యము చూచుకొను నలుగురిలో నేనొకడను. తులసి కోసి తెచ్చుటకు, మాలలు కట్టుటకు కొందరు పిల్లలు వచ్చెడివారు. వారిలో ఒకడు చేతివేగము కలవాడు. వాని కదంబమాలలో పూవుకును పూవుకును ఎడమే కనబడెడిది కాదు. పదహారవ యేట పెద్దవారైన స్నేహితుల వెంట పోయి, పరుల మోటారు సైకిలును దొంగిలించిన వ్యవహారమున పట్టుబడినాడు. కొన్ని నెలలు పిల్లల గృహమున ఉంచినారు.

విడుదలకు పది దినముల ముందు వాని తల్లి నా యొద్దకు వచ్చినది. గుమ్మము లోపలికి రమ్మన్నను రాలేదు.

"అయ్యగారూ, పిల్లాడు వచ్చే శుక్రవారం ఇంటికొస్తాడు. మీరొక్క మాట అంటే మళ్ళీ కోవెల్లో తులసి కట్టుకుంటాడు. పనేదీ లేకపోతే ఆ జట్టు మళ్ళీ పిలుస్తుందని భయంగా ఉంది" అనినది.

"కొంతకాలం గడవనీయమ్మా. నలుగురూ ఏమంటారో చూడాలి గదా" అని నేను బదులు చెప్పితిని.

ఆ నలుగురిని నేను అడుగలేదు. అడిగియున్నచో వద్దనెడివారని తలచితిని. ఆ తలపునే వారి నోట పెట్టితిని. పిల్లవాడు వచ్చిన తరువాత ఒక సాయంకాలము కోవెలకు వచ్చి ధ్వజస్తంభము కడ నిలిచినాడు. ప్రసాదము వాని చేతిలో పెట్టితిని గాని, ఎట్లున్నావని అడుగలేదు. వాడు నా చేతిలోని పూలసజ్జ వైపు ఒకసారి చూచి, వెళ్ళిపోయినాడు. నెల తిరుగకముందే ఊరు విడిచినాడని వినికిడి. ఆ మాసముననే మా కోవెలలో విభీషణ శరణాగతి మీద నేను మూడు సాయంకాలములు ప్రవచనము చెప్పితిని. వినవచ్చిన వారిలో ఆ తల్లియు ఉండెను.

వాడు ఇప్పుడెక్కడ నున్నాడో, ఎట్లున్నాడో నాకు తెలియదు. వాడు చెడిపోయెనని చెప్పుటకు నాకు ఆధారము లేదు. బాగుపడెనని చెప్పుకొని ఊరడిల్లుటకును లేదు. వాని విషయమున చట్టము విధించిన గడువు తీరిపోయినది. ఆ గడువునకు పైన నేనొక దండన విధించితిని. దానికి విచారణ లేదు, గడువు లేదు. మాండవ్యుని కథ నాకు అప్పుడు అర్థము కాలేదు.

మూడు సందేహములు

ఇక మనవారు సాధారణముగ వెలిబుచ్చు సందేహములను చూతము. చేసిన కర్మము అనుభవింపక తీరదు గదా, మనము అడ్డుపడనేల అని కొందరందురు. కర్మఫలము నిచ్చువాడు సర్వేశ్వరుడు. ఆ ఫలమును మన చేతులతో పంచిపెట్టుమని ఆయన మనకు ఆజ్ఞ ఇచ్చిన చోటు ఏ శాస్త్రమునను కానరాదు. మనకు విధించినది కైంకర్యము. ఇంటి ముందు పడిపోయిన వానిని చూచి, ఇది వాని కర్మమని తలుపు వేసికొనువాడు కర్మసిద్ధాంతమును నమ్మినవాడు కాడు. దానిని తన సోమరితనమునకు దుప్పటిగా కప్పుకొన్నవాడు.

రెండవ సందేహము ఇంతకంటె బరువైనది. నష్టపోయినవాని గతి యేమి? మోటారు సైకిలు పోయినవాడు దానిమీదనే పాలక్యానులు మోసి బ్రతుకువాడు కావచ్చును. దెబ్బ తిన్నవాడు నేటికిని మంచము మీదనే యుండవచ్చును. వానికి జరిగినదానిని మనము క్షమింతుమనుట మన సొమ్ము కానిదానిని దానము చేయుట వంటిది. క్షమించు హక్కు వానిది. క్షమింపకుండు హక్కును వానిదే. కావున పిల్లవానికి తావు ఇచ్చుటయు, వాని తప్పును లేనిదిగా చేయుటయు ఒకటి కావు. తావు మనము ఇయ్యగలము. తప్పు దిద్దుకొనుట వాడు చేయవలెను. జరిగిన నష్టములో తన చేతనైనంత తీర్చుట, ఆ కుటుంబము వినుటకు ఇష్టపడినచో పెద్దల సమక్షమున తన నోట తాను ఒప్పుకొనుట, ఇష్టపడనిచో వారి కంట పడి బాధింపకుండుట ఇవన్నియు వాని విధులు. అయితే నిలుచుటకు చోటు లేనివాడు ఎక్కడ నిలిచి ఈ ఋణము తీర్చును? తావు ఇచ్చుట నష్టపోయినవానికి కూడ మేలే.

మూడవ సందేహము సుగ్రీవునిది. శత్రుపక్షమునుండి వచ్చినవాడు, అన్నను విడిచినవాడు, రేపు మనలను విడువడా అని వానరరాజు పట్టుపట్టెను. శ్రీరాముడు ఆ మాటను త్రోసివేయలేదు. సుగ్రీవుడు మొదలుగా అంగదుడు, జాంబవంతుడు, మైందుడు తదితరులందరి అభిప్రాయములను ఓపికగా వినెను. వచ్చినవాని మాటలోను, ముఖములోను దోషము కనబడలేదని హనుమంతుడు చెప్పినది కూడ వినెను. తన భార్యను పట్టుకొన్న బోయకు తన మాంసమునే ఆహారముగా నిచ్చిన పావురము కథను చెప్పి, శరణన్న వానిని విడువనని పలికెను. భయపడినవారిని నిందింపలేదు, భయమునకు లొంగిపోనూలేదు. ఆ తరువాత చేసినది మరింత ముఖ్యము. లక్ష్మణునిచే సముద్రజలము తెప్పించి విభీషణునికి అభిషేకము చేయించెను; సముద్రమును దాటు ఉపాయము నడుగునప్పుడు వానిని సలహా అడిగిరి. అభయము ఇచ్చిన వెంటనే గౌరవము, గౌరవము వెంటనే పని. ఈ మూడింటిలో ఏది లోపించినను శరణాగతి అసంపూర్ణమే యగును.

పురుషకారము

మన సంప్రదాయమున పురుషకారమను మాట కలదు. అపరాధి యైన జీవుడు నేరుగా స్వామిని సమీపించుటకు వెరచునప్పుడు, జగన్మాత యైన శ్రీమహాలక్ష్మి వాని పక్షమున ఒక మాట చెప్పునని పూర్వాచార్యులు ఉపదేశించిరి. దీనికి వారు చూపు దృష్టాంతము సీతమ్మవారి చరిత్రమే. లంకలో పది నెలలు తన్ను బెదరించి బాధించిన రాక్షసస్త్రీలను చంపుటకు హనుమంతుడు అనుమతి వేడినప్పుడు, వారు రాజాజ్ఞకు లోబడిన వారని, లోకమున తప్పు చేయనివారెవరని చెప్పి అమ్మ వారించినది. నిర్బంధములో నుండి అప్పుడే వెలువడిన ఆమె, తన్ను నిర్బంధించిన వారికి పురుషకారమైనది.

ఆ తల్లి నా గుమ్మము ముందు నిలిచి అడిగినది ఈ పురుషకారమునే. ఒక్క మాట.

ఆ మాట చెప్పువారు ప్రతి ఊరను ఒక్కరైనను ఉండవచ్చును. పిల్లవాడు లోపలనుండగనే అనుమతి తీసికొని ములాఖాతుకు పోవచ్చును. ఇంటిలో జరిగిన మార్పులను ముందుగనే వానికి తెలుపవలెను. అవ్వ పోయినదన్న సంగతి గడప తొక్కిన నాడు తెలియుటకంటె, తనవారి నోట అక్కడనే విని ఏడ్చుట మేలు. చదువు సాగించునా, పని నేర్చునా అని ప్రొబేషన్ అధికారితో మాటాడి, బడిలో చేర్చుటకు వలయు పత్రములు, ఆధారు కార్డు మొదలగునవి విడుదలకు ముందే సమకూర్చవచ్చును. పని నేర్పు వడ్రంగితో గాని మెకానిక్కుతో గాని ముందే చెప్పి ఉంచవచ్చును. వాడు ఏ స్నేహములవలన చెడెనో ఆ స్నేహితులు మొదటి వారమే పిలువ వత్తురు. ఆ వారమున వాని సాయంకాలములు ఖాళీగా ఉండరాదు.

ఇంటివారు చేయవలసినవియు కలవు. వానిని చీకటి పడిన పిమ్మట ముఖము దాచి తీసికొని రావలదు. పగటివేళ, తండ్రియో మేనమామయో ప్రక్కన నడువగా రానిండు. ఎప్పుడును పడుకొను చోటనే పడక వేయుడు. పరీక్షించుటకని డబ్బు కనబడునట్లు పెట్టవలదు. వాడు గదిలోనికి రాగానే బీరువా తాళము చూచుకొనవలదు. లోపల ఏమి జరిగినదని గ్రుచ్చి గ్రుచ్చి అడుగవలదు. చెప్పదలచిన నాడు వాడే చెప్పును, ఆనాడు చేతిలోని పని విడిచి వినుడు. కోపము వచ్చినప్పుడు పాత తప్పును ఎత్తి పొడువవలదు. ఈ కడపటిది అన్నింటికంటె కష్టము. గోళ్ళు గిల్లుకొనుచు కూర్చున్న పిల్లవానికి ఒక కంచములో పెరుగన్నము పెట్టి ఊరకుండుటయు గొప్ప తపస్సే.

వాడు మరల జారడని ఎవ్వరును పూచీ ఇయ్యలేరు. కొందరు జారుదురు. అప్పుడు చట్టము తన పని తాను చేయును; పురుషకారము నెరపినవాడు మోసపోతినని సిగ్గుపడనక్కరలేదు. ఆకు తొడుగునా లేదా యని తెలియకయే తులసికి నీరు పోయుచున్నాము గదా.

తోటకు తిరిగివచ్చినవాడు

మన ఆళ్వారులలో విప్రనారాయణుల చరిత్రము తెలుగువారికి మిక్కిలి పరిచితము. శ్రీరంగమున తులసీవనము పెంచి రంగనాథునికి మాలలు సమర్పించిన ఆ భక్తుడు, దేవదేవి వలన ఆ తోటను మరచినాడు. పిమ్మట స్వామివారి బంగారుగిన్నె పోయిన వ్యవహారమున ఆయనపై దొంగయను నింద పడి, చెరలో ఉంచబడినాడు. స్వామియే రాజునకు కలలో కనబడి నిజమును తెలుపగా విడుదల పొందెనని గురుపరంపరా కథలు చెప్పుచున్నవి. దొంగతనమునకు ఆయన దోషి కాడు; అయినను దారి తప్పినవాడే. అది ఆయన ఎరుగును. అందుచేతనే భాగవతుల శ్రీపాదతీర్థమును ప్రాయశ్చిత్తముగా కోరి, తన్ను భక్తుల పాదధూళిగా చెప్పుకొని, తొండరడిప్పొడి యను పేర నిలిచినాడు.

ఈ చరిత్రమున మనము తరచు ఆళ్వారుల వినయమును కొనియాడుదుము. శ్రీపాదతీర్థము ఇచ్చిన ఆ భాగవతులను తలచువారు తక్కువ. నిన్నటిదాక చెరలో నున్నవాడు, ఊరంతయు ఎరిగిన కథ కలవాడు వచ్చి పాదములకడ వంగినప్పుడు, వారు కాళ్ళు వెనుకకు తీసికొనలేదు. వారు వెనుకకు తీసికొనియున్నచో ఆ తోట బీడుపడి యుండెడిది. స్వామిని మేలుకొలుపు ఆయన పాశురములు మనకు దక్కకుండెడివి. వారి పేర్లు మనకు తెలియవు. పేరు లేకుండ ఒక మనిషిని నిలబెట్టిన ఆ మహనీయులే నేడు మనకు ఆదర్శము.

ధనుర్మాసమున ఆ తిరుప్పళ్ళియెళుచ్చి వినబడినప్పుడెల్ల, ధ్వజస్తంభము కడ నిలిచిన ఆ పిల్లవాడు నాకు కనబడును. వాడు ఏ ఊర నున్నను, ఆ ఊరి కోవెలలో ఎవరో ఒకరు వాని చేతికి పూలసజ్జ అందించియుందురు గాక యని నా ప్రార్థన. మీ వీధికి, మీ ఇంటికి అట్టి పిల్లవాడు ఎవడైనను రాబోవుచున్నచో, వానికంటె ముందుగా మీ మాట ఒకటి నడచిపోవు గాక. ఆపద మ్రొక్కులవాడైన శ్రీనివాసుడు తప్పినవారికి దారిని, ఉన్నవారికి తలుపు తీయు మనస్సును అనుగ్రహించు గాక.